ముప్పై లోపు వయసులో మానని నాలుక పుండు: బయాప్సీ అడగడం అతిగా అనిపిస్తుందా?

తొలకరి
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్లు. నాలుక ఎడమ అంచున, వెనక దంతాలు తగిలే చోట పుండు లేచి నెల దాటిపోయింది. ముందు చూసిన డాక్టర్ గారు విటమిన్ మాత్రలు, పూసుకునే జెల్ ఇచ్చారు. తగ్గలేదు. రెండో ఆయన పన్ను రాసుకుని అయిందన్నారు. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయిద్దామా అని అడిగితే "ఈ వయసులో అలాంటివి రావమ్మా, సిగరెట్టు కూడా లేదంటున్నారుగా" అని పంపేశారు. వాడికి నిజంగానే ఏ అలవాటూ లేదు. అమ్మేమో సూది గుచ్చితే ఉన్నది కాస్తా పాకుతుందని భయపడుతోంది. నేనే అనవసరంగా కంగారు పడుతున్నానా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నిదానం
కంగారు పడకండి అక్కా. నాకు కాలేజీ రోజుల నుంచీ నోటిపూత వస్తూనే ఉంటుంది. నిద్ర తక్కువైనా, పరీక్షలొచ్చినా వెంటనే లేస్తుంది, పది రోజుల్లో పోతుంది. కుర్రవాళ్లలో నోటి పుండ్లు చాలా మామూలు. ప్రతిదానికీ క్యాన్సర్ అనుకుంటే బతకలేం.

పంటి_వైద్యం
నేను డెంటిస్టుని. నిదానం గారు చెప్పింది ఆయన పుండ్ల వరకు సరిగ్గా సరిపోతుంది. మామూలు నోటిపూత 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. ఈసారి పెదవి లోపల వస్తే, మళ్లీసారి బుగ్గలో వస్తుంది. నడుమ పసుపుగా, చుట్టూ ఎర్రటి వలయంతో ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. చాలా అరుదుగా పెద్ద సైజు పూత ఆరు వారాల దాకా లాగుతుంది గానీ, అలాంటివాళ్లకు అది వస్తూ పోతూ ఉన్న చరిత్ర ఉంటుంది.

తొలకరి గారూ, మీరు చెప్పినది ఆ లెక్కలోకి రావడం లేదు. ఒకటే చోట, నాలుక పక్క అంచున, నెల దాటి. చిన్న వయసువాళ్లలో నోటి క్యాన్సర్ వస్తే ఎక్కువగా కనబడే చోటు అదే. ఇది విని భయపడిపోకండి, నాలుక అంచున వచ్చే పుండ్లలో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. కొన్ని విషయాలు మాత్రం చూసి చెప్పండి. శుభ్రంగా చేతులు కడుక్కుని, నాలుక కొసను శుభ్రమైన పలచటి నూలు గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి, రెండో చేతి వేలితో పుండు అంచు నొక్కి చూడమనండి. చుట్టుపక్కల మెత్తగానే ఉందా, లోపల గట్టిగా పలకలా తగులుతోందా? అంచు బయటికి మడిచినట్టు లేచి ఉందా? అటువైపు చెవిలో పోటు వస్తోందా? దవడ కింద బిళ్ల కట్టిందా? పన్ను నిజంగా రాసుకుంటోందా?

తొలకరి
అంచు గట్టిగా ఉందట డాక్టర్ గారూ. పెద్దగా నొప్పి లేదంటున్నాడు, అందుకే ఇన్నాళ్లు పట్టించుకోలేదు. చెవిపోటు ఉంది, కానీ చలిగాలికేమో అనుకున్నాం. పన్ను సంగతికొస్తే, కింది దవడ పన్నుకి పాత ఫిల్లింగ్ విరిగి కొస తేలింది. రెండో డాక్టర్ దాన్ని నునుపు చేశారు. అది చేసి కూడా రెండు వారాలు దాటింది.

పంటి_వైద్యం
అయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. రాసుకునే పన్ను వల్లే అయితే, పన్ను సరిచేశాక రెండు వారాల్లో మానాలి, కనీసం సగానికి సగం తగ్గాలి. అది చెక్కుచెదరకుండా ఉందంటే కారణం పన్ను కాదని అర్థం. నొప్పి లేకపోవడం మంచి కబురు అనుకుంటాం గానీ, నోటిలో మాత్రం మొదటి దశ క్యాన్సర్ చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుంది. నాలుకలోని బాధ నరాల దారిలో చెవికి పాకుతుంది, చెవి పరీక్షిస్తే శుభ్రంగా ఉంటుంది. గట్టిదనం, చెవిపోటు రెండూ కలిసి ఉన్నప్పుడు నేనైతే ఇంకో జెల్ రాయను.

అన్నట్టు, బ్రిటన్‌లో డాక్టర్లకు దారి చూపే నైస్ మార్గదర్శకాలు 2015 నుంచీ చెబుతున్నది ఏమిటంటే, కారణం తెలియని పుండు నోటిలో 3 వారాలు దాటి ఉంటే క్యాన్సర్ అనుమానం కింద త్వరగా పంపించే విషయం ఆలోచించమని. స్వరపేటిక క్యాన్సర్ దగ్గర 45 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు అని వయసు పెట్టారు. నోటి పుండు దగ్గర ఏ వయసూ పెట్టలేదు. "ఈ వయసులో రావు" అన్న మాట వినబడినప్పుడు ఇది చెప్పండి. నోరు, దవడ సర్జన్ దగ్గరికి గానీ, తల మెడ క్యాన్సర్లు చూసే సర్జన్ దగ్గరికి గానీ ఈ వారంలోనే తీసుకెళ్లండి.

రెండో_పాట
తొలకరి, నేను నీకు అక్కని అనుకో. నాకు నాలుక క్యాన్సర్ బయటపడింది 29 ఏళ్లప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు. నాలుక కుడి పక్కన తెల్లటి మచ్చ, దాని నడుమ చిన్న ఎర్రటి చోటు. గర్భంతో ఉన్నప్పుడు నోరు ఇలాగే ఉంటుందన్నారు, రక్తం తక్కువన్నారు. చిగుళ్లు ఉబ్బుతాయి, నిజమే, అవి కాన్పు తర్వాత తగ్గుతాయి. నాది చిగురు కాదు కదా. పేస్టు తగిలితే ఆ ఎర్రటి చోట చురుక్కుమనేది. "స", "ష" పలికేటప్పుడు నాలుక కొంచెం జారినట్టు నాకే తెలిసేది, ఎదుటివాళ్లకు వినబడేది కాదు. బిడ్డ పుట్టాక చూద్దామని నలుగురూ అన్నారు.

చివరికి ఒక డెంటిస్టమ్మ నోరు తెరవగానే మాట్లాడటం ఆపేసింది. వేలుపెట్టి నొక్కి చూసి, "కడుపుతో ఉన్నా బయాప్సీకి అడ్డేం లేదమ్మా, ఆ కొంచెం చోటే మొద్దుబారేలా ఇంజెక్షన్ చేస్తాం" అంది. నిజంగానే పావుగంట పని. రెండు కుట్లు. రిపోర్టు వచ్చాక స్కాను స్పష్టంగా రావడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండా ఎమ్మారై తీశారు. ఆపరేషన్ ఐదో నెలలో అయింది. నా కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. కాన్పు దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను, నిన్ను మాత్రం ఆగనివ్వను. తమ్ముణ్ణి తీసుకెళ్లు.

కిటికీపక్క
అడ్డు వస్తున్నందుకు ఏమనుకోకండి. వాళ్లమ్మగారి భయం మా ఇంట్లోనూ ఉంది. కోస్తే పాకుతుందన్న మాట ఎంతవరకు నిజం? దానికి జవాబు తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్లకు చూపిస్తాను.

గాజుపలక
నేను పాథాలజీలో పనిచేస్తాను, రోజూ ఇలాంటి ముక్కలే మైక్రోస్కోపు కింద చూస్తాను. నోటి పుండు అంచు నుంచి చిన్న ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. పాకేది ఆలస్యం చేయడం వల్ల. బయాప్సీ అయ్యాక కొన్ని వారాలకు మెడలో గడ్డ కనబడితే జనం రెండిటికీ ముడిపెడతారు. ఆ గడ్డ అప్పటికే లోపల మొదలై ఉంటుంది.

ఇక బయాప్సీ గురించి నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే సరిగ్గా తీయని ముక్క ఇంకో రెండు నెలలు మింగేస్తుంది. పుండు నడుమ చచ్చిన కణజాలం, చీము పొర ఉంటుంది. అక్కడి నుంచి తీస్తే మాకు కనబడేది వాపు ఒక్కటే. అంచు నుంచి, పుండూ పక్కనున్న చర్మమూ కలిసి వచ్చేలా, కండ దాకా లోతుగా తీయాలి. పైపైన గీకినట్టు తీస్తే క్యాన్సర్ కణాలు కింది పొరలోకి దిగాయా లేదా అన్నది చెప్పలేం. పట్టకారుతో నలిపేసినా, కాల్చే పరికరంతో తీసినా కణాల ఆకారం చెడుతుంది. అనుమానం గట్టిగా ఉన్న పుండుని మొదటి డాక్టరే మొత్తం కోసేసి పంపడం కూడా మంచిది కాదు. తర్వాత పెద్ద ఆపరేషన్ చేసే సర్జన్‌కి అసలు అది ఎక్కడిదాకా ఉండేదో ఆనవాలు మిగలదు.

ఇంకో మాట. రిపోర్టులో "క్యాన్సర్ లేదు, వాపు మాత్రమే" అని వచ్చి, పుండు మాత్రం గట్టిగా అలాగే ఉంటే ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లకూడదు. మేం చెప్పేది మా చేతికొచ్చిన ముక్క గురించే. మళ్లీ తీయమని అడగాలి. దీనికి రెండో వైపూ ఉంది. నాలుక మీద కండ నలిగి వచ్చే ఒక రకం పుండు ఉంది, అందులో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల కణాలు నిండిపోతాయి. చూడ్డానికి అచ్చం క్యాన్సర్‌లా గట్టిగా ఉంటుంది, వారాల తరబడి మానదు, క్యాన్సర్ మాత్రం కాదు. బయాప్సీ తర్వాత దానంతటదే మానిన సందర్భాలూ ఉన్నాయి. క్షయ పుండు, సిఫిలిస్ పుండు కూడా ఇలాగే మోసం చేస్తాయి. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు. అందుకే ముక్క.

నీలం రంగు పూసి చూడటం, ప్రత్యేకమైన లైటు వేసి చూడటం, బ్రష్‌తో కణాలు గీకి తీయడం ఇవన్నీ ఉన్నాయి. ఎక్కడి నుంచి ముక్క తీయాలో ఎంచుకోవడానికి కొంత సాయపడతాయి. బయాప్సీకి బదులుగా మాత్రం పనికిరావు.

అలలమీద
ఏ అలవాటూ లేకపోయినా వస్తుందంటే హెచ్‌పీవీ వైరస్ వల్లేనా? నెట్‌లో కుర్రవాళ్లకు వచ్చేవన్నీ దానివల్లే అని చదివాను.

పంటి_వైద్యం
రెండు చోట్లను కలిపేసి రాయడం వల్ల వచ్చిన గందరగోళం అది. హెచ్‌పీవీ, అందులోనూ 16వ రకం, ఎక్కువగా గొంతు భాగంలో, అంటే టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో క్యాన్సర్ తెస్తుంది. వాటికి కణాల్లో పీ16 అనే ప్రోటీన్ ఉందా అని చూసే పరీక్ష తప్పనిసరి. అద్దంలో మనకు కనబడే నాలుక, బుగ్గ, చిగురు క్యాన్సర్లలో దాని పాత్ర చాలా తక్కువ. పొగాకు, మద్యం, వక్క ఇవే ఇక్కడ పెద్ద కారణాలు. వక్కని ఒక్కదాన్నే తీసుకున్నా, పొగాకు కలపకపోయినా, క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి వర్గంలో పెట్టింది. అయితే ఏ అలవాటూ లేని కుర్రవాళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, నాలుక క్యాన్సర్ ఎందుకొస్తుందో వైద్యానికి ఇంకా తేలలేదు. అలవాటు లేదన్న కారణంతో బయాప్సీ ఆపకూడదు.

నీలిరేఖ
నా సంగతి కూడా అడగొచ్చా? 24 ఏళ్లు. నాలుగైదేళ్లుగా వక్కపొడి నములుతున్నా. పుండు లేదు. కారం తింటే నోరు మంట, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఇదివరకు మూడు వేళ్లు నిలువుగా పట్టేవి, ఇప్పుడు రెండు కూడా కష్టమే.

గాజుపలక
తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడూ కలిపితే బుగ్గ లోపలి పొర కింద నార కట్టిపోయే జబ్బు గుర్తొస్తుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. బుగ్గ లోపల వేలితో తడిమితే నిలువుగా తాళ్లలా తగులుతాయి, లోపలి చర్మం పాలిపోయి ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు, కానీ కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. వక్క ఈరోజే ఆపెయ్. ఆపినా కట్టిన నార వెనక్కి పోదు, కానీ ముదరకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. డెంటిస్టు ప్రతిసారీ నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో కొలిచి రాయాలి, ఎర్రమచ్చ గానీ గట్టి చోటు గానీ కనబడితే ముక్క తీయాలి. నోరు తెరుచుకోకపోతే లోపలి మూలల్లో పుట్టిన పుండు ఎవరికీ కనబడదు. నీ జబ్బులో అసలు ప్రమాదం అక్కడుంది.

పంటి_వైద్యం
దీనికి ఒక ముక్క చేరుస్తా. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చని చూసి ఎక్కువ జాగ్రత్తపడాలి. మఖ్మల్‌లా మెరిసే ఎర్రటి మచ్చల్లో బయాప్సీ చేస్తే చాలావాటిలో అప్పటికే కణాలు తీవ్రంగా మారి గానీ, క్యాన్సర్‌గా గానీ కనిపిస్తాయి. నొప్పి ఉండదు, మచ్చ చిన్నదిగా ఉంటుంది, కుర్రవాళ్లు అసలు గమనించరు.

వెలుగుబాట
మా బాబుకి ఫాంకోని అనీమియా, పుట్టుకతో వచ్చే అరుదైన జన్యు జబ్బు. పదకొండేళ్లు. నోటి క్యాన్సర్ గురించి మమ్మల్ని హెచ్చరించారు. ఇక్కడ మాట్లాడుతున్నది చూసి ఆగలేకపోయాను.

గాజుపలక
మీలాంటివాళ్లు రాయడం మేలు చేసింది అమ్మా. ఫాంకోని ఉన్నవాళ్లలో తల, మెడ క్యాన్సర్ ముప్పు మామూలువాళ్ల కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ, అది చాలా చిన్న వయసులోనే వస్తుంది. ఎముక మజ్జ మార్పిడి అయినా ముప్పు పోదు. బాబు నోటిని ఆరు నెలలకోసారి, ఏదైనా మచ్చ కనబడితే ఇంకా తరచుగా, ఇలాంటివి తెలిసిన నిపుణులతో చూపించండి.

తతిమ్మా అందరికీ చెప్పాల్సిందేమిటంటే, కొందరిలో ఫాంకోని అని తెలిసేదే నోటి క్యాన్సర్ వచ్చాక. పొట్టిగా ఉండటం, బొటనవేలిలో తేడా, చర్మం మీద కాఫీరంగు మచ్చలు, రక్తకణాలు తగ్గడం ఉంటే, అలవాట్లేవీ లేని కుర్రాడికి నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు రక్తపరీక్షతో క్రోమోజోములు చూడమని అడగాలి. ఎందుకంటే ఆ శరీరాలు డీఎన్ఏ దెబ్బను బాగుచేసుకోలేవు. మామూలు మోతాదులో రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే ప్రాణం మీదికే రావచ్చు. వైద్యం మొదలుకాక ముందే తెలియాలి.

కిటికీపక్క
మరి అందరికీ నోరు చూసే కార్యక్రమం ఏదైనా పెడితే కుర్రవాళ్లలో కూడా ముందే దొరుకుతుంది కదా?

ఊరికంచె
నాది ప్రజారోగ్యం. దీని మీద జరిగిన పెద్ద పరీక్ష ఒకటుంది. తిరువనంతపురం జిల్లాలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి టార్చి వేసి నోరు చూశారు. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అంటే కంటితో చూడటానికి అంత విలువ ఉంది. కానీ ఆ పరీక్షలో చేర్చుకున్నది 35 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లనే. 27 ఏళ్ల కుర్రాడు, ఏ అలవాటూ లేనివాడు, అలాంటి ఏ జాబితాలోకీ రాడు. ప్రపంచంలో 2022లో కొత్తగా బయటపడిన పెదవి, నోటి క్యాన్సర్లు 3 లక్షల 89 వేల దాకా ఉన్నాయి. అందులో కుర్రవాళ్ల వాటా చిన్నదే. ఆ కొద్దిమందిని పట్టుకునేది పుండు చూపించుకోవడానికి వాళ్లు వెళ్లిన మొదటి గదిలో ఉన్న డాక్టరో, డెంటిస్టో. వేరే వల లేదు.

తొలకరి
అందరికీ దండాలు. బయాప్సీ అయింది, రిపోర్టు వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా, నాలుక. అంటే పైపొర కణాల్లో పుట్టే క్యాన్సరే. చదివినప్పుడు కాళ్లు వణికాయి. ఎమ్మారైలో పుండు 2 సెంటీమీటర్ల లోపే ఉంది, లోతు 5 మిల్లీమీటర్ల లోపు ఉండొచ్చని రాశారు. మెడలో పెద్ద బిళ్లలేవీ కనబడలేదన్నారు. సర్జన్ గారు నాలుకలో కొంత భాగంతో పాటు మెడలోని గ్రంథులు కూడా తీయాలంటున్నారు. బిళ్లలే లేనప్పుడు మెడ ఎందుకు కోయాలి? దయచేసి ఎవరైనా చెప్పండి.

రెండో_పాట
తల్లీ, ఇప్పుడు గట్టిగా ఉండు. 2 సెంటీమీటర్ల లోపు, 5 మిల్లీమీటర్ల లోతు లోపు అంటే మొదటి మెట్టు. నాకు మెడ కూడా తీశారు. భుజం కొన్నాళ్లు లేవదు, వ్యాయామంతో వస్తుంది. మొదటిరోజు నుంచే ఫిజియోథెరపీ అడుగు.

గాజుపలక
సర్జన్ గారు అడిగింది సబబే. నాలుక నుంచి కణాలు మెడ గ్రంథుల్లోకి చాలా ముందే దిగుతాయి, అప్పుడవి వేలికీ తగలవు, స్కానులోనూ కనబడవు. దీన్ని తేల్చడానికి అప్పట్లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో సర్జన్‌గా ఉన్న అనిల్ డిక్రూజ్ బృందం చేసిన పరీక్ష 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మెడలో ఏమీ కనబడని తొలిదశ రోగుల్లో సగంమందికి ముందే మెడ గ్రంథులు తీశారు, మిగతావారికి గడ్డ కనబడ్డాకే తీశారు. మూడేళ్లకు మొదటి గుంపులో 80 శాతం మంది, రెండో గుంపులో 67.5 శాతం మంది బతికి ఉన్నారు. ఈ తేడాకి లోతుతో సంబంధం ఉంది. 3 మిల్లీమీటర్ల లోపు చాలా పలచగా ఉన్నవాటిలో లాభం స్పష్టంగా తేలలేదు. క్యాన్సర్ ఏ దశలో ఉందో తేల్చే పట్టికకి 2017లో వచ్చిన ఎనిమిదో కూర్పులో లోతుని కూడా చేర్చారు. సెంటినెల్ గ్రంథి పరీక్ష అని ఇంకో దారి ఉంది, మొదటి గ్రంథినే తీసి చూస్తారు. మీ ఆస్పత్రిలో చేస్తారేమో అడగండి. ఎమ్మారై చెప్పిన లోతు అంచనా మాత్రమే, అసలు లోతు ఆపరేషన్ ముక్కలోనే కొలుస్తాం.

పంటి_వైద్యం
తొలకరి గారూ, రెండు పనులు ఆపరేషన్‌కి ముందే చేయించండి. పళ్లన్నీ చూపించండి, తర్వాత రేడియేషన్ అవసరమైతే పుచ్చిన పళ్లు ముందే తీసేసి ఉండాలి. అలాగే కీమో అవసరం రావచ్చని డాక్టర్లు అంటే వీర్యం దాచిపెట్టే విషయం తమ్ముడు అడగాలి. కుర్రాళ్లు సిగ్గుపడి అడగరు, హడావుడిలో డాక్టర్లూ మర్చిపోతారు.

తొలకరి
అడిగాం అండీ. వచ్చే సోమవారం ఆపరేషన్. అమ్మకి గాజుపలక గారి మాటలు చదివి వినిపించాను.

చిగురుటాకు
ఇదంతా చదివాక నాకు అనుమానం వచ్చి రాస్తున్నా. 31 ఏళ్లు. జ్ఞానదంతం తీయించుకుని రెండు నెలలవుతోంది. గుంట మానలేదు, ఎర్రటి కండ పెరుగుతోంది. రెండుసార్లు యాంటీబయాటిక్ వాడాను. వారం నుంచి కింది పెదవి అటుపక్క మొద్దుబారింది.

పంటి_వైద్యం
పెదవి మొద్దుబారడం దంతం తీసిన మర్నాటి నుంచే ఉందా, మధ్యలో మొదలైందా?

చిగురుటాకు
మధ్యలోనే. మొదట్లో బాగానే ఉంది.

పంటి_వైద్యం
అయితే మూడో యాంటీబయాటిక్ వాడకండి. తీసిన రోజే నరం నలిగితే మొద్దుబారడం అప్పటినుంచే ఉంటుంది. తర్వాత మొదలై, గుంటలో కండ పెరుగుతుంటే లోపల ఏదో నరాన్ని పట్టుకుంటోందని అనుకోవాలి. ఎముకలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దవడకి సీటీ తీయించి, ఆ గుంటలోని కండనే బయాప్సీకి పంపమనండి. తీసిన పన్ను ఎక్స్‌రే పాతది ఉంటే అదీ తీసుకెళ్లండి, అప్పటికే పన్ను చుట్టూ ఎముక తినేసి ఉందేమో చూస్తారు. ఈరోజే ఫోన్ చేయండి.

చిగురుటాకు
చేశాను సార్. రేపు పొద్దున పదింటికి రమ్మన్నారు. పాత ఎక్స్‌రే దొరికింది, పట్టుకెళ్తున్నా.